బావకు పాలు, నాకు నీళ్ళు

గిద్దలూరు స్టేషన్ ఎదురుగా మా నాయనకు కాఫీ హోటలు ఉండేది. పొద్దున బొరుగులు నానబెట్టి తాలింపు వేసిన ఉగ్గాని, దాని పక్కన వేడి మిరపకాయ బజ్జీ, సాయంత్రం పూరీ. నంద్యాల బండి వచ్చే వేళకు బల్లలన్నీ నిండిపోయేవి. నేను గల్లాపెట్టె దగ్గర కూర్చునేవాణ్ణి. చేతికందేంత దూరంలో బజ్జీల బేసిన్ ఉండేది. పద్దెనిమిది నిండేసరికి నా ఒళ్ళు చూసి బండి దిగిన కొత్తవాళ్ళు కూడా, "ఈ హోటలుకు బోర్డు ఎందుకన్నా, మీ వాడు చాల్లే" అనేవాళ్ళు. నాయన నవ్వేవాడు. ఆయన నవ్వుతున్నాడు కాబట్టి నేనూ నవ్వేవాణ్ణి.

ఆంధ్ర రాష్ట్రం కొత్తగా ఏర్పడి, కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. మా తాలూకా అప్పట్లో కర్నూలు జిల్లాలోనే ఉండేది. రాజధాని మన జిల్లాలోకే వచ్చింది, ఇక ఉద్యోగాలన్నీ మన పిల్లలకే అని హోటల్లో రోజూ చర్చ. పోలీసుల్లోకి కొత్తగా మనుషుల్ని తీసుకుంటున్నారన్న మాట కూడా ఆ బల్లల దగ్గరే పుట్టింది. తెచ్చినవాడు జమేదారు సాయిబు. ఆయన పోలీసుల్లో హెడ్డుగా చేసి రిటైరైన మనిషి. ఉదయం కాఫీ మా హోటల్లోనే తాగేవాడు.

"మా వాణ్ణి పంపితే తీసుకుంటారా సాయిబుగారూ?" అని నాయన అడిగాడు.

సాయిబు నన్ను ఎగాదిగా చూశాడు. "చదువుంది, ఎత్తుంది. పరుగు పెడతారు గదా, ఆడ పడిపోతాడు."

"మా అక్క కొడుకు ఒకడుండాడు, అర్ధవీడులో. వానికీ నాలుగక్షరాలు వచ్చు."

"పిలిపించు, చూస్తా."

అట్లా వచ్చాడు మా బావ. నా కంటే ఒక ఏడాది పెద్ద. మా మేనత్త భర్త చనిపోయాక బావ, అతని తల్లి, చెల్లెలు కలిసి కొంచెం మెట్ట పొలం, కొన్ని గొర్రెలు చూసుకుంటూ బతికేవాళ్ళు. భుజాన గుడ్డసంచితో హోటల్లోకి వచ్చి, ఎక్కడ కూర్చోవాలో తెలియక నిలబడిపోయాడు. సాయిబు అతని జబ్బ పట్టుకొని చూసి, "ఓయమ్మా, వీని ఛాతీకి టేపు చుడితే ఇంకా సగం మిగుల్తాది" అన్నాడు. తరువాత మా ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి నాయనతో చెప్పాడు: "నీ కొడుకును తగ్గించు, నీ మేనల్లుణ్ణి పెంచు. వానలు పడేలోపల పిలుస్తారు. అప్పటికి ఇద్దరూ ఒకే కొలతకు రావల్ల."

ఆ రోజు నుంచి మా ఇంట్లో రెండు రకాల వంట మొదలైంది.

నాకు పొద్దు గూకేలోపల ఒక జొన్నరొట్టె, ఆకుకూర, పలచటి మజ్జిగ. దీపం పెట్టాక ఏదీ నోట్లో వేసుకోకూడదు. బావకు వరన్నం, పప్పు, నెయ్యి, కోడిగుడ్డు, వారానికోసారి మాంసం. పుట్టినప్పటి నుంచి జొన్నలూ కొర్రలూ తిన్నవాడికి నా అన్నం పోయింది. పుట్టినప్పటి నుంచి వరన్నం తిన్న నాకు వాళ్ళ రొట్టె వచ్చింది. మొదటి రోజు ఇది నాకు తమాషాగా అనిపించింది. మూడో రోజుకు ఆ తమాషా పోయింది.

హోటలు మూసి నాయన ఇంటికొచ్చాక బావ ఆయన పక్కన కూర్చుని తినేవాడు. నేను అరుగు మీద కూర్చునేవాణ్ణి. తలుపు తెరిచే ఉండేది కాబట్టి అన్నీ వినపడేవి. నెయ్యిగిన్నె మూత తీసిన చప్పుడు కూడా నేను గుర్తుపట్టగలిగేవాణ్ణి. అయినా నన్ను ఎక్కువ బాధపెట్టింది నెయ్యి కాదు. నాయన గొంతు.

"తిను నాయనా, ఇంకో ముద్ద. సిగ్గుపడితే ఎట్ల? మామ ఇల్లు కాదా ఇది?"

నాయన హోటల్లో అరిచే మనిషి. పనివాళ్ళ మీదా, నా మీదా ఒకే గొంతు. ఆ మెత్తటి గొంతు ఆయనలో ఉందని నాకు అంతవరకు తెలియదు. చిన్నప్పుడు నన్ను ఎవరూ తినమని బతిమాలాల్సిన అవసరం రాలేదు. పెట్టకముందే తినేవాణ్ణి. అందుకని ఆ మాట నేను ఎప్పుడూ విననేలేదు. అరుగు మీద కూర్చుని, ఆ "తిను నాయనా" అనే మాట ఇంకొకడికి పోతుంటే వింటూ, నా కడుపులో మంట ఆకలిదో మరి దేనిదో తేల్చుకోలేకపోయేవాణ్ణి.

ఎండాకాలం కాబట్టి మేమిద్దరం మిద్దె మీద పడుకునేవాళ్ళం. అసలు కష్టం అక్కడే. పగలు పని ఉంటుంది, మనుషులుంటారు, ఆకలిని ఎట్లాగో తోసెయ్యొచ్చు. పడుకున్నాక దానికి నేను తప్ప పని లేదు, నాకు అది తప్ప పని లేదు. సాయంత్రం తిన్న రొట్టె ఎప్పుడో కరిగిపోయేది. కడుపు లోపలి నుంచి ఎవరో వేలితో గోకుతున్నట్టు ఉండేది. సరిగ్గా అప్పుడే అమ్మ మెట్లెక్కి వచ్చేది, పెద్ద గ్లాసు నిండా బెల్లం కలిపిన పాలు, రెండు అరటిపండ్లు పట్టుకొని.

"అల్లుడూ, తాగి పడుకో. పాలల్లో మీగడ తియ్యలేదు."

"చాలత్తా, అన్నం ఇంకా ఈడనే ఉంది" అని బావ గొంతు చూపించేవాడు.

"ఏం కాదులే, తాగు."

తరువాత నా వైపు తిరిగి, "నీకు నీళ్ళ చెంబు పెట్టినా" అనేది. పాపం, అమ్మ గొంతులో జాలి ఉండేది. కానీ ఆ జాలికి రుచి లేదు.

ఆకలి మరిచిపోవడానికి తలా ఒక ఉపాయం చెప్పారు. నీళ్ళు తాగమంది అమ్మ. తాగితే కాసేపు కడుపు బరువెక్కేది. తరువాత లేచి మిద్దె దిగాల్సి వచ్చేది. దిగితే వంటిల్లు దాటుకుంటూ పోవాలి. కాబట్టి నీళ్ళు లాభం లేదు. దుప్పటి మడిచి కడుపు కింద పెట్టుకొని బోర్లా పడుకోమన్నాడు సాయిబు. అది కొంచెం పనిచేసింది. సోంపు నములుతూ ఉండమన్నారు. సోంపు నమిలితే భోజనం చేసినవాడు నమిలినట్టుంటుంది, నాలుక మోసపోయి అసలు భోజనం ఏదని అడిగేది. చివరికి నేనే ఒకటి కనిపెట్టాను. పులిసి పాడైపోయిన దోసెల పిండి వాసన తలుచుకునేవాణ్ణి. హోటలువాడి కొడుకును కాబట్టి అది బాగా తెలుసు. ముక్కు మూసుకుపోయేదాకా తలుచుకుంటే కొన్ని రాత్రులు నిద్ర పట్టేది. కొన్ని రాత్రులు ఆ పాడైన పిండి కూడా నోరూరించేది.

పక్కన బావ అరటిపండు తొక్క ఒలిచే చప్పుడు, పాలు తాగాక వచ్చే తేన్పు. గ్లాసు కింద పెట్టిన కాసేపటికే గురక. వాడికి నిద్ర ఎంత సుళువుగా వస్తుందో అని దానికి కూడా కుళ్ళుకునేవాణ్ణి.

పొద్దున్నే ఇద్దరం దిగువమెట్ట వైపు రోడ్డు మీద పరుగు తీసేవాళ్ళం. రాత్రి అంత తిన్నా బావ గొర్రెల వెంట పరుగెత్తినట్టే తేలిగ్గా పోయేవాడు. నేను ఖాళీ కడుపుతో ఈడ్చుకుంటూ వెనక. చాలా దూరం పోయాక వాడు వెనక్కి తిరిగి, నా దగ్గరికి వచ్చి, మళ్ళీ నాతో పాటు మెల్లగా పరుగెత్తేవాడు.

"ఊపిరి ముక్కుతో తీసుకోరా. నోరు తెరవకు."

"నువ్వు పో బావా ముందుకు."

"పోయి ఏం చేస్తా, ఆడ ఒక్కణ్ణే."

నాకు ఒళ్ళు మండేది. వాడు ముందుకు పోతే చూడలేను, వెనక్కి వస్తే భరించలేను.

కొన్ని వారాలకు నా చొక్కాలు వదులయ్యాయి. ఆ మార్పు నాకొక్కడికే కనపడింది. అప్పటికే బావ బుగ్గలు నిండాయి, రంగు తేలాడు. హోటలుకు వచ్చినవాళ్ళంతా అదే మాట. "మీ మేనల్లుడు నిగనిగలాడుతుండాడే! వచ్చినప్పుడు ఎట్లుండె!" నాయన ముఖంలో గర్వం చూడాలి. పెరిగినవాడు అందరికీ కనపడతాడు, తగ్గినవాడు కనపడడు. నన్ను చూసి ఒకాయన మాత్రం, "ఏంది, జ్వరమా?" అని అడిగాడు.

ఒక రాత్రి అమ్మ పాలు ఇచ్చి దిగిపోయాక బావ గ్లాసు ముట్టలేదు. కాసేపు కూర్చుని, నా మంచం మీదికి వంగాడు.

"నిద్రపోయినావా?"

"లేదు."

"ఇది నువ్వు తాగురా. నా వల్ల కాదు."

బెల్లం పాల వాసన ముఖం మీదికి వచ్చింది. గ్లాసు బయటి వేడి కూడా తగిలింది. నోట్లో నీళ్ళు ఊరి గుటక వేశాను, ఆ చప్పుడు వాడికి వినపడే ఉంటుంది.

"నాకొద్దు."

"ఎవరికీ చెప్పన్లే."

"వద్దంటి గదా."

వద్దన్నది నిగ్రహం వల్ల కాదు. ఆ పాలు నేను తాగితే వాడు పెట్టిందే తిన్నట్టు. మా ఇంట్లో, మా అమ్మ కాచిన పాలు, వాడి చేతి మీదుగా నాకు రావడం! ఆ ఒక్క ఊహ నా కడుపును రాయి చేసింది. ఆలోచిస్తే ఆ ఎండాకాలమంతా నన్ను నిలబెట్టింది ఆ కుళ్ళే. నీళ్ళూ కాదు, సోంపూ కాదు.

బావ గ్లాసు పట్టుకొని అట్లే కూర్చున్నాడు. "ఊర్లో అమ్మ, చెల్లెలు ఏం తింటుండారో తెలుసా? కొర్రగంజి. ఈడ అరటిపండు ఒలిచినప్పుడల్లా చెల్లెలు గుర్తొస్తాది. మింగుడు పడదు. మామతో చెప్తే బాధపడతాడని మింగుతుండా."

ఇది వింటే ఎవరికైనా మనసు కరగాలి. నాకు కరగలేదు. వాడు తిన్నా గొప్పగానే తింటున్నాడు, దిగమింగుకుంటూ తింటున్నాడు. నేను పస్తు ఉన్నా దానికి అంత బరువు లేదు. ఒళ్ళు పెరిగిన హోటలువాడి కొడుకు పస్తు ఎవరికి పట్టింది? వాడి బాధ మీద కూడా నాకు అసూయే కలిగింది. దుప్పటి కడుపు కింద సర్దుకొని అటు తిరిగి పడుకున్నాను. కాసేపటికి వాడు పాలు తాగిన గుటకలు వినపడ్డాయి, ఒక్కొక్కటిగా, మందు తాగినట్టు.

మరుసటి రోజు ఇక ఆగలేక నాయనను అడిగేశాను. మధ్యాహ్నం బండి పోయాక హోటలు ఖాళీగా ఉంది. ఆయన బల్లలు తుడుస్తున్నాడు.

"నాయనా, నన్ను ఒక్కనాడైనా తినమన్నావా నువ్వు?"

ఆయనకు అర్థం కాలేదు. "నువ్వు తినకూడదు గదా. సాయిబు చెప్పె."

"ఇప్పుడు కాదు. ఎప్పుడైనా."

నాయన గుడ్డ పక్కన పెట్టాడు. నన్ను కొంచెంసేపు చూశాడు. నేను తగ్గానని అప్పుడే గమనించాడనుకుంటా.

"నీకు పుట్టినప్పటి నుంచి పెట్టేవాళ్ళు ఉండారురా. వానికి ఇప్పుడే దొరికె. వాడు మొహమాటపడి ఊరికి పోతాడేమోనని నా భయం. నువ్వు యాడికి పోతావు?"

ఆయన మంచి మాటే అన్నాడు. న్యాయమైన మాట. అయినా నాకు కావాల్సింది న్యాయం కాదు. "నువ్వు యాడికి పోతావు" అన్న మాట మాత్రం చాలా రోజులు గుచ్చుకుంది. ఆ రాత్రి పాలు తెచ్చింది అమ్మ కాదు, నాయనే. రెండు మెట్లకు ఒకసారి ఆగుతూ ఎక్కి వచ్చి, బావకు గ్లాసు ఇచ్చి, నా కాళ్ళ దగ్గర కాసేపు కూర్చున్నాడు. తరువాత దిగిపోయాడు.

వానలకు ముందే పిలుపు వచ్చింది. ఇద్దరం బండిలో నంద్యాలకు పోయి, అక్కడి నుంచి బస్సులో కర్నూలు చేరాం. కొత్త రాజధాని చూడాలని నాకు ఎంత ఆశ! తీరా చూస్తే ఎక్కడ చూసినా గుడారాలు. ఆఫీసులు కూడా గుడారాల్లోనే. ఫైళ్ళు గాలికి లేవకుండా రాళ్ళు పెట్టుకొని గుమాస్తాలు రాస్తున్నారు. సత్రంలో ఆ రాత్రి బావ తేలిగ్గా తిన్నాడు, నేనేమీ తినలేదు. ఆకలి కూడా తెలియలేదు, భయంతో.

మైదానంలో ముందు పరుగు పెట్టారు. బావ అందరికంటే ముందు వచ్చాడు. నేను మధ్యలో వచ్చాను. పడిపోలేదు! గీత దాటి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకొని రొప్పుతుంటే, నా జీవితంలో మొదటిసారి నా వెనక ఇంకా కొందరు పరుగెత్తుతూ వస్తున్నారు. ఆ సంతోషం చెప్పలేను. బావ వచ్చి నా వీపు మీద చరిచాడు. "అయిపాయరా, ఇంక మనిద్దరం పోలీసులమే!"

తరువాత ఛాతీ కొలత. బావను పిలిచారు. ఊపిరి వదిలి ఒకసారి, బిగించి ఒకసారి. కొలిచేవాడు తల ఊపి, "పో అటు" అని ఎంపికైనవాళ్ళ వైపు చూపించాడు. అన్నం, నెయ్యి, గుడ్లు, మీగడ పాలు అన్నీ కలిసి బావను ఆ వరుసలోకి చేర్చాయి.

నా వంతు వచ్చింది. టేపు చుట్టాడు. మళ్ళీ చుట్టాడు. "బిగించు" అన్నాడు. బిగించాను. పక్కనున్న అధికారికి ఏదో చూపించాడు.

"వేలెడు తక్కువ. పో ఇటు."

"సార్, ఈ ఎండాకాలానికి ముందు నాకు ఇంతకంటే చాలా ఉండె" అన్నాను. అది ఎంత పిచ్చి మాటో అన్నాక తెలిసింది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు.

పొట్ట తగ్గించుకోవడానికి నేను పడిన పాట్లన్నీ ఛాతీని కూడా తీసుకుపోయాయి. ఎవరూ, సాయిబు కూడా, ఇది ఆలోచించలేదు.

బయటికి వచ్చాక బావ నన్ను ఒక పూటకూళ్ళ ఇంటికి తీసుకుపోయాడు. "ఇంక నీకు అడ్డేముంది, కడుపునిండా తిను" అన్నాడు. అరిటాకులో వేడి అన్నం, పప్పు, నెయ్యి వచ్చాయి. ఎండాకాలమంతా ఏది తలుచుకొని పొర్లానో అదే. రెండో వడ్డన దాకా కూడా పోలేకపోయాను. కడుపు చిన్నదైపోయింది. బావ నా ఆకు వైపు చూసి తన ఆకు కూడా మడిచేశాడు. తిరుగు ప్రయాణంలో వాడు సంతోషాన్ని దాచుకోవడానికి పడిన అవస్థ నాకు కనపడుతూనే ఉంది. దాచుకోకపోయినా, దాచుకున్నా, రెండూ నాకు నచ్చలేదు.

నాయన విషయం విని ముందు బావను కౌగిలించుకున్నాడు. ఆ వెంటనే అర్ధవీడుకు మనిషిని పంపాడు, అక్కకు చెప్పి రమ్మని. సాయిబు కాఫీ గ్లాసు చేతిలో పట్టుకొని నన్ను చూసి, "ఛాతీ కూడా పోగొట్టుకుంటివా, హత్తెరీ!" అని నిజంగానే బాధపడ్డాడు. నాయన నా దగ్గరికి వచ్చి భుజం మీద చేయి వేశాడు. "రేపటి నుంచి గల్లా నువ్వే చూసుకో. లెక్క అడగను" అన్నాడు. నన్ను ఓదార్చడానికే అన్నాడు. నాకు మాత్రం, ఉద్యోగం వాడికి, మిగిలిన హోటలు నీకు అన్నట్టు వినపడింది.

ట్రైనింగు పూర్తయ్యాక బావ ఖాకీ బట్టల్లో మొదటిసారి వచ్చాడు. హోటల్లో ఉన్నవాళ్ళంతా లేచారు. నాయన కూడా లేచాడు, తన మేనల్లుడికి! నేను లేవలేదు. బావ టోపీ తీసి చంకలో పెట్టుకొని నేరుగా గల్లాపెట్టె దగ్గరికి వచ్చి, నా బల్ల మీదే ఒక కొసన కూర్చున్నాడు. మనిషి మళ్ళీ చిక్కిపోయాడు.

"ఏంది, అట్లయినావు?"

"ఆడ పొద్దు గూకకముందే అన్నం పెట్టేస్తారురా. దినమంతా పెరేడు. పడుకొనేపాటికి ఆకలి చంపుతాది. పక్కన అందరికీ నిద్ర. నాకు పట్టదు."

నిజం చెప్పాలంటే ఆ మాట విని నా లోపల ఎక్కడో చల్లబడింది. అది మంచి బుద్ధి కాదు. కానీ ఎన్ని నెలలుగానో ఉన్న మంట ఒక్కసారి దిగినట్టయింది.

బావ గొంతు తగ్గించి అడిగాడు. "అన్ని దినాలు ఎట్ల ఓర్చుకున్నావురా నువ్వు? అదే అడగాలని వచ్చినా."

"నీ మీద కుళ్ళుతో" అన్నాను.

వాడు నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. "తెలుసులే" అన్నాడు. "పాలు తాగేటప్పుడు నీ దిక్కు చూడాలంటే భయమయ్యేది. మంచం ఇంకొంచెం దూరం జరుపుకొందామా అనుకొనేవాణ్ణి. జరిపితే నీకు ఇంకా కోపమొస్తాదని ఊరుకుంటి."

నేను వంటింట్లోకి కేక వేశాను, బావకు రెండు గుడ్లు ఉడకబెట్టి తెమ్మని. మన హోటల్లో గుడ్డు వండం గదా అని వంటాయన గొణిగాడు. ఇంటి నుంచి తెమ్మన్నాను.

మరుసటి ఏడాది మళ్ళీ ఎంపికలన్నారు. నేను పోలేదు. అప్పటికి ఒళ్ళు తిరిగి వచ్చేసింది, ఛాతీ కూడా దానితో పాటే వచ్చింది. ఆ మధ్యలో రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు పోయింది. బావ ఉద్యోగం మీద ఊళ్ళు తిరిగాడు, చెల్లెలి పెళ్ళి చేశాడు, తల్లికి పెంకుటిల్లు కట్టించాడు. వాడు గిద్దలూరు వచ్చిన ప్రతిసారీ నాయన లేచి ఎదురుపోయేవాడు. గల్లా దగ్గర నుంచి చూస్తుంటే నాకు ఇంకా కొంచెం మండేది. ఆ కొంచెం ఎప్పటికీ పోలేదు. మాకు అది అలవాటైపోయింది, నాకూ, బావకూ.